కలిసి ఆడేవారు కలిసి లేవాలి



ఈ పేజీలో మామూలుగా బి.పి., షుగర్, బాలింతల ఆహారం, టీకాల గురించి రాస్తుంటాము. ఈసారి సెల్ ఫోనులో ఆటల గురించి రాస్తున్నాము. "పిల్లగాడు ఫోను ఇడుస్తలేడు సిస్టర్" అనే మాట ఇప్పుడు మా ఓ.పి.లో దగ్గు, జ్వరం అన్నంత మామూలుగా వినబడుతోంది. ఆ తల్లులు మేము కూడా పిల్లవాడిని కోప్పడాలని ఎదురుచూస్తారు. మేము అడిగేది వేరు. "వాడు ఏ ఆట ఆడతాడమ్మా? మీరు ఎప్పుడైనా పక్కన కూర్చుని ఆడారా?" అని అడుగుతాము. ఎందుకు అలా అడుగుతామో చెప్పడానికే ఈ వ్యాసం.

తలనొప్పితో వచ్చిన బాబు

పాశమైలారంలో ఒక కంపెనీలో మిషన్ మీద పనిచేసే తండ్రి, తల్లి, ఏడవ తరగతి చదివే కొడుకు ఒక సోమవారం ఓ.పి.కి వచ్చారు. (ఆ కుటుంబం అనుమతి తీసుకునే రాస్తున్నాము. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము.) బాబుకు రెండు నెలలుగా తలనొప్పి. కళ్లు మంటలు. తరగతిలో నిద్రపోతున్నాడని టీచరు రెండుసార్లు కబురు పంపింది.

డాక్టరు గారు కళ్లు చూపించారు, రక్తపరీక్ష చేయించారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు మా సిస్టర్ ఒకరు బాబును పక్కన కూర్చోబెట్టుకుని, "రాత్రి ఎన్నింటికి పడుకుంటావు నాన్నా?" అని అడిగింది. బాబు నేల చూశాడు. తండ్రి మాత్రం కాస్త సంతోషంగానే జవాబు చెప్పాడు.

"మేమిద్దరం ఒకే టీమ్ మేడం. వానికి మస్తు గురి ఉన్నది. నాకంటే మంచిగ ఆడుతడు."

తల్లికి కోపం ఆగలేదు. "ఇద్దరు ఇద్దరే సిస్టరమ్మా. ఆ ఫోన్లు పగులగొడితేగాని మా ఇంట్ల నిద్ర ఉండదు."

నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడింది. తండ్రికి మూడు షిఫ్టులు వారం వారం మారుతాయి. నైట్ షిఫ్టు వారంలో ఒంటిగంటన్నరకు భోజన విరామం. అప్పుడు లాకరులో పెట్టిన ఫోను తీసుకుని అరగంట ఆట ఆడతాడు. కొడుకు ఇంట్లో దిండు కింద అమ్మ ఫోను పెట్టుకుని, శబ్దం రాకుండా అలారం పెట్టుకుని, ఆ సమయానికి లేస్తున్నాడు.

"ఎందుకు లేస్తావు నాన్నా?" అంటే బాబు చెప్పిన జవాబు మాకు ఇప్పటికీ గుర్తుంది. "అప్పుడే డాడీ వస్తడు."

వాళ్ల నాన్న ఆ మాట విని కాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా అన్నాడు: "వాడు బడికి పోయేటప్పుడు నేను పండుకుని ఉంట మేడం. సెకండ్ షిఫ్టులో నేను వచ్చేసరికి వాడు పండుకుంటడు. మాకు మాట్లాడుకునేది ఆ ఆటలనే. వాడు మేల్కొని ఉన్నడనుకున్న గని, అలారం పెట్టుకుని లేస్తున్నడని నాకు తెల్వది."

మన పటాన్‌చెరు, బొల్లారం, ఇస్నాపూర్, రుద్రారం వైపు షిఫ్టు డ్యూటీ ఇళ్లన్నిటికీ ఈ మాట తెలుసు. ఒకే గదిలో ఉంటారు, వారం రోజులు ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకోరు. ఇలాంటి ఇంట్లో ఫోను పగలగొడితే బాబుకు తలనొప్పి తగ్గవచ్చు, నాన్న కూడా పోతాడు. అలాగని రాత్రి ఒంటిగంటన్నరకు పన్నెండేళ్ల పిల్లవాడు లేవడం కూడా సాగనివ్వలేము. ఆ రోజు మా ముందున్న చిక్కు ఇదే.

ఆట మీద ఇష్టం తప్పు కాదు

ఆ తండ్రి చిన్నప్పుడు పటాన్‌చెరులో వీడియో గేమ్ దుకాణానికి పోయేవాడట. గంట లెక్కన డబ్బు తీసుకుని టీవీ ముందు కూర్చోబెట్టేవారు. మారియో, కాంట్రా అక్కడే నేర్చుకున్నాడు. మారియో ఆట జపాన్‌లో 1985లో వచ్చింది. మన ఊళ్లకు క్యాసెట్ల రూపంలో 1990 దశకంలో పాకింది. అంతకు ముందు 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ఆయన తయారుచేసిన టెట్రిస్ ఆట, చేతిలో పట్టుకునే చిన్న డబ్బాగా మన జాతరలలోనూ అమ్మారు. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చింది. ఈ ముప్ఫై, నలభై ఏళ్ల తల్లిదండ్రులలో ఆ పామును పెంచనివారు తక్కువ. అంటే ఇంట్లో మొదటి ఆటగాడు నాన్నే. కొడుకుకు ఆ ఇష్టం నాన్న నుంచే వచ్చింది. దాన్ని సిగ్గుపడే విషయంగా చూడకండి.

వైద్యరంగంలోనే వీడియో ఆటల వల్ల మేలు జరిగిన ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు కాలిన గాయాల రోగుల కోసం స్నోవరల్డ్ అనే ఆట తయారుచేశారు. కట్టు మార్చేటప్పుడు రోగి కళ్లద్దాల వంటి పరికరం పెట్టుకుని మంచు లోయలో తిరుగుతూ మంచు ముద్దలు విసురుతాడు. మనసు అటు పోవడం వల్ల నొప్పి తక్కువగా తెలుస్తుంది. బాయిలర్లు, రసాయనాల మధ్య పనిచేసే ప్రాంతం మనది. కాలిన గాయానికి కట్టు మార్చడం ఎంత బాధో మా వార్డు చూసినవారికి తెలుసు.

2007లో న్యూయార్క్‌లో 33 మంది సర్జన్లపై జరిగిన ఒక పరిశోధన వివరాలు ప్రచురించారు. గతంలో వారానికి మూడు గంటలకు పైగా వీడియో ఆటలు ఆడిన సర్జన్లు, చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్ శిక్షణలో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. ఇది చదివి "మావాడు ఆడితే సర్జన్ అవుతాడు" అనుకోవద్దు. ఆటకూ నైపుణ్యానికీ సంబంధం కనబడిందే గాని, ఆటే నైపుణ్యం ఇచ్చిందని దానివల్ల తేలలేదు. పైగా వారు చదువు మానలేదు. మూడు గంటలన్నది వారం మొత్తానికని కూడా గమనించండి.

మరి హద్దు ఎందుకు?

మన ఊళ్లలో పులి-మేక, అష్టాచెమ్మ, వామనగుంటలు, వైకుంఠపాళి ఆడినవారికి ఒక సంగతి తెలుసు. ఆ ఆటలు వాటంతట అవే ముగుస్తాయి. మేకలు పులిని కట్టేస్తే అయిపోయింది. పంట ఇంటికి చేరితే అయిపోయింది. లేకపోతే చీకటి పడేది, అమ్మ పిలిచేది. మేము నర్సింగ్ చదివిన రోజుల్లో హాస్టల్‌లో క్యారం బోర్డు ఉండేది. తొమ్మిది గంటలకు వార్డెన్ లైటు ఆర్పేవారు. ఎర్ర కాయిన్ ఎవరిదో తేలకుండానే పడుకునేవాళ్లం.

ఫోనులో ఆటకు చీకటి పడదు. ఒక లెవెల్ అయితే ఇంకో లెవెల్. రేపు రాకపోతే బహుమతి పోతుందని గుర్తుచేస్తుంది. రాత్రి రెండింటికీ ఆడటానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ముగింపు ఆటలో లేదు కాబట్టి మనమే ఇంట్లో పెట్టుకోవాలి.

ప్రభుత్వాలు, కంపెనీలు కూడా హద్దులు పెట్టాయి. 2020 సెప్టెంబరు 2న మన కేంద్ర ప్రభుత్వం పబ్‌జి మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. ఆ కారణాలు దేశ భద్రతకు, సమాచార భద్రతకు సంబంధించినవి. 2021 జులైలో అదే రకం ఆట బి.జి.ఎం.ఐ. పేరుతో వచ్చింది. 2022 జులైలో దాన్నీ ఆపారు. 2023 మే నెలలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అని హద్దు పెట్టారు. చైనాలో 2021లో పిల్లల ఆన్‌లైన్ ఆటలను శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 వరకు ఒక్క గంటకే పరిమితం చేశారు. అయినా పిల్లవాడు నాన్న పేరుతో, నాన్న నంబరుతో ఆడితే ఏ హద్దు పనిచేస్తుంది? మన బాబు అలాగే ఆడుతున్నాడు. కాబట్టి తలుపు దగ్గర కాపలా చివరికి ఇంటివాళ్లదే.

శరీరం సంగతి కూడా చెప్పాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటలు. నిద్ర తగ్గితే తలనొప్పి, చిరాకు, మతిమరుపు వస్తాయి. తెరను చూస్తున్నప్పుడు రెప్ప కొట్టడం తగ్గుతుంది, అందుకే కళ్లు మండుతాయి. మూర్ఛ ఉన్న పిల్లలకు నిద్రలేమి వల్ల ఫిట్స్ రావచ్చు. కొందరికి మిరుమిట్లు గొలిపే వెలుతురుతో కూడా వస్తాయి. బొటనవేలి నరాలు పట్టేసినట్టు నొప్పి రావడం కూడా ఉంది. 1990లో ఒక అమెరికా వైద్య పత్రికలో ఇలాంటి కేసు ప్రచురించారు. ఐదు గంటలు ఆపకుండా ఆడి చెయ్యి నొప్పితో డాక్టరు దగ్గరికి పోయిన ఆ మనిషి చిన్నపిల్ల కాదు, 35 ఏళ్ల మహిళ! హద్దు పెద్దలకూ అవసరమేనని ఆమెను చూసి నేర్చుకోవచ్చు.

షిఫ్టు పట్టికలో ఆట

డాక్టరు గారు మందు ఏమీ రాయలేదు. తండ్రి జేబులో ఉన్న షిఫ్టు కాగితం అడిగి తీసుకున్నారు. దాని వెనకాల ముగ్గురూ కూర్చుని ఇలా రాసుకున్నారు.

ఫస్ట్ షిఫ్టు వారం: తండ్రి మధ్యాహ్నం ఇంటికి వస్తాడు. సాయంత్రం హోంవర్కు అయ్యాక ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా ఇద్దరూ ఆడాలి. నైట్ షిఫ్టు వారం: సాయంత్రం అదే సమయం, డ్యూటీకి పోకముందే. రాత్రి విరామంలో తండ్రి కూడా ఆడకూడదు, కళ్లు మూసుకుని కూర్చోవాలి. మిషన్ ముందు నిలబడే మనిషికి ఆ అరగంట విశ్రాంతి చాలా అవసరం. సెకండ్ షిఫ్టు వారం: మామూలు రోజుల్లో ఆట లేదు. ఆ వారం సెలవు రోజున మాత్రమే ఒక గంట.

సెకండ్ షిఫ్టు దగ్గర బాబు ఏడ్చాడు. ఆరు రోజులు నాన్నతో ఏమీ ఉండదు కదా అన్నాడు. అప్పుడు తండ్రే ఒక మాట చెప్పాడు. సాయంత్రం టీ విరామంలో పది నిమిషాలు ఫోను చేస్తాడు. ఆట ఉండదు, ఒట్టి మాటలే.

ఇంకో మార్పు కూడా అవసరమైంది. వాళ్లు ఆడేది తుపాకుల ఆట. పన్నెండేళ్ల వయసుకు తగినది కాదు. పైగా ఒక్కో మ్యాచ్‌కు అరగంట పడుతుంది, మధ్యలో ఆపడానికి వీలుండదు. అమ్మ అన్నానికి పిలిచినప్పుడు లేస్తే టీమ్ ఓడిపోతుంది, అందుకే లేవడు. అమ్మకు అది మొండితనంగా కనబడుతుంది. ఈ సంగతి మాకూ ఆ తండ్రి చెబితేనే తెలిసింది. ఆడే మనిషికే ఆపే చోటు తెలుస్తుంది. చివరికి మూడు నాలుగు నిమిషాలలో ముగిసే కార్ల పందెం ఆటకు మారారు. బాబు మొదట మూతి ముడిచాడు.

అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధమవుతుంది. నెల తిరగకముందే మాట తప్పారు. తప్పింది బాబు కాదు, తండ్రి! నైట్ షిఫ్టు విరామంలో ఒంటరిగా ఆడాడు. పొద్దున కొడుకు ఫోనులో స్కోరు చూసి పట్టేశాడు. "నువ్వు ఆడితే నేనెందుకు ఆడొద్దు?" అన్నాడు. తండ్రి దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి తల్లి అంపైర్ అయింది. డ్యూటీకి పోయేముందు తండ్రి ఫోనులో ఆ ఆట తీసేసి చూపించాలి. సాయంత్రం మళ్లీ పెట్టుకోవచ్చు.

మూడు నెలల తర్వాత వచ్చినప్పుడు బాబుకు తలనొప్పి బాగా తగ్గింది. మార్కులు పెద్దగా పెరగలేదు, తరగతిలో నిద్రపోవడం మాత్రం ఆగింది. "టీ టైంల డాడీ ఫోన్ చేస్తడు" అని బాబే చెప్పాడు. ఆట గురించి మేము అడిగేదాకా చెప్పలేదు.

మా వార్డులో మా తప్పు

ఇతరులకు చెప్పేముందు మా సంగతి కూడా ఒప్పుకోవాలి. పిల్లల వార్డులో సూది గుచ్చాలన్నా, కట్టు మార్చాలన్నా "అమ్మా, ఫోను ఇవ్వండి" అని అడిగేది మేమే. పిల్లవాడు ఊరుకుంటాడు, మా పని సులువవుతుంది. పని అయ్యాక ఫోను తల్లికి ఇచ్చేసి మేము పక్క మంచానికి పోతాము. తీసుకునే కష్టం తల్లిది. సూదికి ఏడవని పిల్లలు ఫోను తీసుకున్నప్పుడు వార్డు ఎగిరిపోయేలా ఏడవడం ఎన్నోసార్లు చూశాము.

ఇప్పుడు పద్ధతి మార్చుకున్నాము. "కట్టు కట్టేదాకా ఆట, కట్టు అయ్యాక ఫోను అమ్మకు" అని ముందే చెబుతాము. అయ్యాక ఒక నిమిషం అక్కడే ఉండి, పిల్లవాడే తన చేత్తో ఇచ్చేలా చూస్తాము. ప్రతిసారీ జరగదు. అయినా ముందే చెప్పిన రోజు ఏడుపు తక్కువ.

మీ ఇంటికి కొన్ని సలహాలు

1. వారానికి ఒక్కసారైనా పిల్లల పక్కన కూర్చుని వారి ఆట మీరు ఆడండి. ఓడిపోయినా ఫరవాలేదు. నేర్పమని అడగండి. నాన్నకు నేర్పడం పిల్లలకు ఎంతో గర్వం.

2. హద్దును ఆట మొదలు కాకముందే చెప్పండి. మధ్యలో లాక్కోవద్దు. నిమిషాల బదులు "రెండు పందేలు", "ఒక మ్యాచ్" అని చెబితే పిల్లలకు తేలిక.

3. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దు. 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తక్కువైతే ఇంకా మేలంది. అన్నం తినిపించడానికి ఫోను అలవాటు చేయకండి.

4. పడుకోవడానికి గంట ముందు ఇంట్లో అందరి ఫోన్లూ ఒకే చోట పెట్టండి. అందరివీ అంటే మీవి కూడా. దిండు కింద ఏ ఫోనూ ఉండకూడదు. పొద్దున లేవడానికి అలారం గడియారం కొనండి.

5. ప్లే స్టోరులో ఆట పేరు దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అని వయసు గుర్తు ఉంటుంది. చూసిన తర్వాతే ఎక్కించండి.

6. మీ యు.పి.ఐ. పిన్ నంబరు పిల్లలకు చెప్పవద్దు. కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. డబ్బు పందెం పెట్టే ఆటల జోలికి పెద్దలు కూడా పోవద్దు. మన రాష్ట్రంలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి వాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

7. రోజూ కొంతసేపు ఎండలో, ఆరుబయట ఆడనివ్వండి. దూరపు చూపుకు అది మేలు.

8. హద్దు మీరే దాటిన రోజు పిల్లల ముందు ఒప్పుకోండి. అలా ఒప్పుకున్న ఇంట్లో పిల్లలు కూడా దాచరు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఎక్కువగా ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనాన్ని చేర్చింది. దానికి మూడు గుర్తులు చెప్పింది: ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం. సాధారణంగా ఏడాదిపాటు ఇలా ఉంటేనే ఆ పేరు పెడతారు. ఆడేవారిలో కొద్దిమందికే అలా అవుతుంది. కాని ఏడాది దాకా ఆగవద్దు. బడి మానేసినా, తిండి, స్నానం మరచినా, ఇంట్లో డబ్బు తీసినా, ఫోను తీసుకుంటే కొట్టడానికి వచ్చినా వెంటనే తీసుకురండి.

"నేను చస్తాను" అన్న మాట వస్తే బెదిరింపు అని కొట్టిపారేయకండి. ఆ పిల్లవాడిని ఒంటరిగా వదలకండి, అదే రోజు చూపించండి. 14416 నంబరుకు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. అది 2022లో మొదలైన టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి సమస్యలకే ప్రత్యేక క్లినిక్ ఉంది.

చివరిగా ఒక మాట. ఓ.పి.కి వచ్చేటప్పుడు పిల్లల పాత చీటీలతో పాటు మీ షిఫ్టు కాగితం కూడా తెచ్చుకోండి. మా సిస్టర్లు మీతో కూర్చుని, దాని వెనకాల ఆటకూ, నిద్రకూ, మీ ఇద్దరి మాటలకూ చోటు రాయడానికి సాయం చేస్తారు. దీనికి ఫీజు లేదు.

మీ
నర్సింగ్ సూపరింటెండెంట్, సిబ్బంది